బడి పని

పంతులమ్మ కొత్త చెప్పులు కొనుక్కుందన్న సంగతి ఆమె మొగుడికంటే ముందు వీధికి తెలిసింది.

ఆదివారం పొద్దున లేతు పెద్దాయన షెడ్డులో అందరూ చేరారు. వెల్డింగు వాళ్ళు పాత టైర్ల మీద, పెయింటరు బోర్లించిన గ్రీజు డబ్బా మీద, రేడియేటర్ల మామయ్య ఏదో వ్యానులోంచి పీకిన సీటు మీద కూర్చున్నారు. లేతు పెద్దాయన ఇనుము చెక్కే తన లేతు మిషను పక్కన ఎత్తు స్టూలెక్కాడు. నిలబడాల్సింది ఆమె ఒక్కతే. వారమంతా టీచరు ట్రైనింగులో ఏం నేర్చుకుందో ఆదివారం ఇక్కడ నిలబడి ఒప్పజెప్పాలి. అది వీధి షెడ్లవాళ్ళ సంఘం పెట్టిన షరతు. డబ్బు పెట్టి చదివిస్తున్నవాళ్ళు చదువు ఎంతవరకు వచ్చిందో చూసుకోవద్దా మరి! బండి రిపేరుకిచ్చినవాడు షెడ్డు చుట్టూ తిరగడూ?

ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, ఆమె ఇంకా టీచరు కానేలేదు. అప్పుడే వీధంతా పంతులమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. ముద్దుగా కాదు. పిలిచిన ప్రతివాడి గొంతులోనూ "మేం చదివిస్తున్నాం కాబట్టి" అన్న ముక్క వినపడుతుంది.

"ముందు ఆ చెప్పుల సంగతి చెప్పు" అన్నాడు రేడియేటర్ల మామయ్య.

"పాతవి తెగిపోయాయి మామయ్యా."

"తెగితే కుట్టించుకోవాలి. మా ఆవిడ చెప్పులకి వేయించిన కుట్లమీదే చెప్పులు కుట్టేవాడి కొట్టు సగం నడుస్తోంది."

అందరూ నవ్వారు. ఆమె కాలివేళ్ళు ముడుచుకున్నాయి. ఆ చెప్పులు ఆమె సొంత డబ్బుతో కొన్నవే, పాత బట్టలకు అతుకులు వేసి సంపాదించిన డబ్బు. ఆ మాట చెప్పొచ్చు. చెబితే, ఆ అతుకులు వేసే టైములో చదువుకోవచ్చుగా అంటారు. నోరా వీపుకు తేకే అనుకుని ఊరుకుంది.

"సరే, పాఠం చెప్పమ్మాయ్" అన్నాడు లేతు పెద్దాయన.

ఆమె సంచిలోంచి గుండ్రంగా కత్తిరించిన అట్టలు తీసింది. పావు, సగం, ముప్పావు ముక్కలుగా విడిపోయేవి. పోయిన సోమవారం నుంచి ఈ వీధి బడిలోనే ఆమె ప్రాక్టీసు పాఠాలు. వచ్చే శనివారం కాలేజీ మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూస్తుంది. ఆ పాఠం బాగా లేదందంటే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే సంఘం సాయం కూడా పోతుందని మొదటిరోజే చెప్పారు. మళ్ళీ బావగారి షెడ్డులో బేరింగులు కడుక్కుంటూ కూర్చోవాలి.

"పావూ సగమూ మాకు నేర్పుతావా?" అన్నాడు మామయ్య. "మా స్పానర్ల మీద సైజులుగా పుట్టుకతోనే ఉన్నాయవి."

"మీకు కాదు మామయ్యా, పిల్లలకి" అంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నిన్నటినుంచి ఆపుకున్న మాట బయటికి వచ్చేసింది. "నిన్న బడిలో చెబుదామంటే పిల్లలే లేరు. ఒక్కరంటే ఒక్కరు రాలేదు."

టైర్ల మీద కదలిక ఆగింది.

"శనివారం ఎలా వస్తారు?" అన్నాడు పెయింటరు, సూర్యుడు పడమట ఎలా పొడుస్తాడన్నంత వింతగా. "శనివారం బడి పని కదా!"

బడి పని సంగతి ఈ వీధిలో పసిపిల్లాడిని లేపి అడిగినా చెబుతాడు. వీధి బడికి బయటినుంచి వచ్చిన మాస్టర్లెవరూ నిలవడం లేదని, మనలోనే ఒకర్ని మాస్టర్ని చేసుకుందామని సంఘం తీర్మానించినప్పుడు, ప్రతి షెడ్డూ శనివారం చేసే చివరి పని తాలూకు కూలి ఆ చదువుకి ఇచ్చేయాలని ఒట్టేసుకున్నారు. దానికి బడి పని అని పేరు. ఎవరెన్ని అప్పుల్లో ఉన్నా ఆ డబ్బు ముట్టుకోలేదు. ఆ మాటకి చేతులెత్తి మొక్కాల్సిందే. తర్వాత ఎవడో నవ్వులాటకి, బడి పని బడిపిల్లలే చేయాలి కదా అన్నాడు. నవ్వులాట కాస్తా అలవాటైంది. పిల్లల చేతులు నిదానం కాబట్టి సాయంత్రం మొదలవ్వాల్సిన చివరి పని పొద్దున్నే మొదలైంది. అదీ వరస. ఆమె మాత్రం చూడలేదా? చూసింది. శనివారాలు పుస్తకాల సంచి తగిలించుకుని ఆ పిల్లల పక్కనుంచే కాలేజీకి నడిచి వెళ్ళింది. ఖాళీ బెంచీల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాకే అది కంట్లో పడింది.

"పిల్లల్ని మాన్పించి పని చేయిస్తే, నేనెవరికి చదువు చెప్పాలి పెదనాన్నా?" అంది లేతు పెద్దాయన వైపు తిరిగి.

"అబ్బో!" రేడియేటర్ల మామయ్య సీటులోంచి లేచాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందయ్యా! నీ ఫీజు ఎవడు కడతాడు? నీ మొగుడా?"

వాకిట్లో నిలబడ్డ ఆమె మొగుడు తల దించుకున్నాడు. అన్నగారి షెడ్డులో కూలికి పనిచేసే మనిషి. తల దించుకోవడం అతనికి చేతైన పని.

లేతు పెద్దాయన చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టాడు. "అమ్మాయ్, నీ బాధేంటో అర్థమైంది. వచ్చే శనివారం మీ మేడమ్ వస్తుంది, బడి ఖాళీగా ఉంటే నీకు నామర్దా. అంతే కదా? ఆ ఒక్కరోజు పంపిస్తాం. తలలు దువ్వి, పౌడర్లు రాసి, పెళ్ళికి పంపినట్టు పంపిస్తాం. సరేనా?"

అందరూ తలలూపారు. ఆమె అట్టముక్కలు సంచిలో పెట్టుకుంది.

సోమవారం బడి నిండుగా ఉంది. బడికీ లేతు షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ, ఆ గోడకో కిటికీ, దాని కింద అవతలివైపు బావగారి షెడ్డువాళ్ళు బేరింగులు కడిగే చిన్న ఖాళీ జాగా. లేతు తిరుగుతున్నంతసేపూ గదిలో చెవులు గింగుర్లెత్తుతాయి. ఇనుము చివ్వుచివ్వుమని చెక్కుకుపోతుంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకే ఆమె వచ్చిన మొదటిరోజే హాజరుకి ఒక పద్ధతి పెట్టింది. నంబరు పిలిస్తే గోడ అవతలికి వినపడేలా పలకాలి. పలకకపోతే సున్నా. పిల్లలకి అదో పోటీ అయిపోయింది. మెడనరాలు తేలేలా అరుస్తారు. పాఠం మాట ఎలా ఉన్నా, హాజరు దగ్గర మాత్రం ఒక్కడూ నిద్రపోడు.

"పదకొండు!"

"ప్రెజెంట్ టీచర్!"

అందర్లోకి పెద్ద గొంతు పదకొండుదే. అది ఆమె తోడికోడలి కూతురు. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. మనిషి పిచ్చుకంతే, గొంతు మాత్రం లారీ హారను. ఇంట్లో పిన్నీ అని పిలిచే పిల్ల, బడి గడప దాటగానే టీచర్ అని పిలుస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఆ తేడా పట్టుకుంది.

అట్టముక్కలు కలిపి గుండ్రం చేయమని పంచిపెట్టింది. పిచ్చుక ముప్పావు పక్కన పావు చేర్చింది. అట్ట మీద నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

"చేతులు చూపించు."

పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది.

"చూపించమన్నానా."

వేళ్ళ కొసలు తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. చూపుడువేలు కణుపు దగ్గర చీలింది. కిరసనాయిలు వాసన గుప్పుమంది. ఆ వాసన ఆమెకు తెలుసు. బేరింగుని కిరసనాయిలు ట్రేలో ముంచి, బ్రష్షుతో గుండు గుండుకీ మధ్య ఉన్న మురికి గ్రీజంతా తోమి, చెవి దగ్గర తిప్పి చూడాలి. గరగరమంటే మళ్ళీ ముంచాలి. కాపురానికొచ్చిన కొత్తలో అదే పని తనూ చేసింది. అన్నం ముద్దలో కూడా ఆ వాసనే వచ్చేది.

"మంటగా ఉందా?"

"పెన్సిలు గట్టిగా పట్టుకుంటేనే టీచర్." పిచ్చుక చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "శనివారం నేనే ఎక్కువ కడిగాను. మా నాన్న చెప్పాడు, నేను కడిగితే నువ్వు... మీరు టీచర్ అవుతారంట కదా?"

ఆమె పెన్సిలు మొదట్లో చిన్న గుడ్డపీలిక చుట్టి పిల్ల చేతికిచ్చింది. బోర్డువైపు తిరిగింది. సిగ్గు అనే మాట చాలా చిన్నది. ఆ పిల్ల చర్మం ఒలిచి తన సంచిలో పుస్తకాలకి అట్టలు వేసుకున్నట్టనిపించింది.

గురువారం సాయంత్రం తోడికోడలు పిల్లకి కొత్త గౌను తెచ్చింది. మంచం మీద పరిచి, నలిగిన మడతలు అరచేత్తో సాపు చేస్తోంది. "మీ మేడమ్ వస్తుందంటగా" అంది పంతులమ్మ వైపు చూడకుండా. "ముందు బెంచీలో కూచోబెట్టు."

"అక్కా, పిచ్చుకని శనివారం పంపొద్దు."

తోడికోడలి చెయ్యి గౌను మీదే ఆగిపోయింది.

"పంపితే ప్రతి శనివారం పంపు. లేకపోతే ఈ శనివారం కూడా వద్దు. ఒక్కరోజు పౌడరు రాసి కూచోబెట్టి, ఆ మేడమ్ చేత బాగుందనిపించుకుని, పై శనివారం మళ్ళీ ట్రే ముందు కూచోబెడితే... నాకా పాసు వద్దు."

"వద్దా?" తోడికోడలు లేచి నిలబడింది. "ఏంటే, వద్దంటున్నావు? అది నీ అబ్బ సొమ్మా వద్దనడానికి? నా కూతురు చేతులు ఎలా ఉన్నాయో నాకు తెలీదనుకున్నావా? రోజూ పడుకునేముందు నూనె రాసేది నేను. మంటమ్మా అని అది ఏడుస్తుంటే, ఇంకొన్నాళ్ళు ఓర్చుకో, పిన్ని టీచరైతే నీకు అన్నీ చెబుతుంది, నిన్ను ఎవరూ ట్రే ముందు కూచోబెట్టరని చెప్పేది నేను! నువ్వొచ్చి ఇప్పుడు నీతులు చెబుతావా నాకు?"

"అది కాదక్కా..."

"నేను అక్షరమ్ముక్క రాని దాన్ని. కొట్టువాడు ఏ బిల్లిస్తే ఆ బిల్లు. నీకు అక్షరాలొచ్చాయి కాబట్టి నీకు చెప్పులొచ్చాయి. మాకు చీలిన వేళ్ళొచ్చాయి. పో నా కళ్ళముందునుంచి."

గౌను ఉండచుట్టి పెట్టెలో కుక్కింది. పిచ్చుక గుమ్మం పక్కన నిలబడి తల్లినీ పిన్నినీ మార్చి మార్చి చూస్తోంది.

మొగుడు వసారాలో మెల్లగా అన్నాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? వాళ్ళ పిల్లలు, వాళ్ళిష్టం. ఒక్క శనివారం కళ్ళు మూసుకో. పాసైపోతావు. తర్వాత నీ చేతిలో బడి ఉంటుంది, అప్పుడు నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి."

అందులో తప్పేమీ లేదు. తెలివైన వాళ్ళెవరైనా అదే చెబుతారు. ఆమెకూ రాత్రికి అదే సబబనిపించింది. పొద్దున మాత్రం అనిపించలేదు. ఒక్క శనివారం మూసిన కళ్ళు తెరవడం ఎంత కష్టమో, కాలేజీకి నడిచిన శనివారాలన్నీ ఆమెకు నేర్పే ఉన్నాయి.

శుక్రవారం లేతు పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇనుప కడ్డీని లేతు దవడల్లాంటి చక్‌లో బిగిస్తున్నాడు. బిగించడం పూర్తయ్యేదాకా తలెత్తలేదు. ఆమె చెప్పిందంతా విన్నాడు. కడ్డీని చేత్తో ఒకసారి తిప్పి, ఊగుతోందా లేదా అని చూసుకున్నాడు.

"అంటే, మేం పిల్లల కష్టం తినే దొంగలం. నువ్వొక్కదానివే పత్తిత్తువి."

"నేనలా అనలేదు పెదనాన్నా."

"అనలేదు, అనిపించావు. నీకోసం పంపుతామన్నాం. అది మా మర్యాద. నీకక్కర్లేదన్నావు. అది నీ పొగరు." ఆయన గొంతు పెంచలేదు. "సరే. ఒక్కడు కూడా రాడు. ఖాళీ బల్లలకి చెప్పుకో నీ పావూ సగమూ."

స్విచ్చు నొక్కాడు. లేతు రొద మొదలైంది. ఇంక ఆమె ఏమన్నా ఆయనకి వినపడదు, వినపడాలని ఆయనకీ లేదు.

శనివారం కాలేజీ మేడమ్ చెప్పిన టైముకే వచ్చింది. బడికి ఇప్పటికి ఉన్న ఒక్క మాస్టారూ శనివారాలు ఆఫీసు పనుందంటూ తాళంచెవి ఇచ్చి పోతాడు. గదిలో బెంచీలు వరసగా ఉన్నాయి. బోర్డు మీద తేదీ ఉంది. దాని కింద గుండ్రం గీసి ఉంది. పిల్లలే లేరు.

మేడమ్ వెనక బెంచీలో కూర్చుని పెన్ను మూత తీసింది. "పిల్లలేరీ?"

ఏం చెప్పాలి? గోడ అవతల ఉన్నారని చెబితే వీధి పరువు తీసినట్టు. తనకి అన్నం పెడుతున్న మనుషుల మీద పైవాళ్ళకి పితూరీ చెప్పినట్టు. జ్వరాలొచ్చాయని అబద్ధమాడితే ఇన్నాళ్ళూ చదివిందంతా గంగపాలు.

"హాజరు తీసుకుంటాను మేడమ్" అంది.

"ఎవరూ లేనప్పుడు హాజరేంటమ్మా?"

"రోజూ మొదట అదే చేస్తానండీ."

మేడమ్ మొహం చిట్లించింది. కాగితం మీద ఏదో రాసింది. ఆమె రిజిస్టరు తెరిచింది. కిటికీలోంచి లేతు రొద దూసుకొస్తోంది.

"ఒకటి" అని పిలిచింది. కాసేపు ఆగి సున్నా వేసింది. "రెండు." సున్నా. "మూడు."

తనకే తన మాట వినపడడం లేదు. ఎవరికోసం ఈ నాటకమని ఒకపక్క ఏడుపొస్తోంది. ఇంకోపక్క ఒళ్ళు మండిపోతోంది, పెద్దాయన మీద, తోడికోడలి మీద, దించుకున్న మొగుడి తల మీద, అందరికంటే ఎక్కువ తన మీద. ఆ మంటకి గొంతు దానంతటదే లేచింది. ఎనిమిదికి మేడమ్ పెన్ను ఆగింది. పదికి గొంతు జీరబోయింది.

"పదకొండు!"

"ప్రెజెంట్ టీచర్!"

గోడ అవతలినుంచి. కిటికీకి సరిగ్గా కిందనుంచి. లేతు రొదని చీల్చుకుని వచ్చింది ఆ గొంతు. వెంటనే ట్రే తన్నుకున్న చప్పుడు, "నోర్ముయ్యవే!" అని ఒక ఆడమనిషి కసురు వినపడ్డాయి.

మేడమ్ లేచి నిలబడింది. "ఎవరది? ఎక్కడినుంచి?"

ఆమె "పన్నెండు!" అంది.

"ప్రెజెంట్ టీచర్!" ఇది కాస్త దూరంనుంచి, రేడియేటర్ల షెడ్డు వైపునుంచి.

"పదమూడు!"

"ప్రెజెంట్ టీచర్!"

అంతే, అవతల కలకలం రేగింది. సున్నా పడుతుందన్న భయం ముందు పెద్దవాళ్ళ భయం ఎంత! "టీచర్, నాలుగు కూడా ఉన్నా! నాది వినపళ్ళేదు!" "ఏడు ఉన్నాను టీచర్!" "సున్నా వేయకండి టీచర్, గ్రీజు డబ్బా దగ్గరున్నా!" ఎవరో పిల్లాడు ఏడుపు గొంతుతో "రెండు టీచర్, రెండు" అని అరుస్తూనే ఉన్నాడు.

మేడమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. చాలాసేపు చూసింది.

లేతు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మొదట వినపడినవి వాకిట్లో అడుగుల చప్పుళ్ళు. తోడికోడలు పిచ్చుకని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చింది. పిల్ల మోచేతులదాకా నల్లగా ఉంది. తల్లి చేతిలోని పాతగుడ్డతో ఆ చేతుల్ని, చర్మం ఊడొస్తుందేమో అన్నంత గట్టిగా తుడిచి, తీసుకొచ్చి ముందు బెంచీలో కుదేసింది.

"కూచో. పిలుస్తుంటే లేచి రావడానికి కాళ్ళు లేవా నీకు?" అని కూతుర్ని కసిరింది. పంతులమ్మ వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సాయంత్రం ఇంటికి రా. నీ సంగతి తేలుస్తాను."

వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఆమెకు కనపడింది. తోడికోడలు గోడ కింద పిల్ల కూర్చునే పీట మీద కూలబడి, ట్రే దగ్గరికి లాక్కుని, సగం కడిగిన బేరింగు చేతిలోకి తీసుకుంది.

గుమ్మంలో లేతు పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయన వెనక ఒంటినిండా గ్రీజుతో, చేతుల్లో బ్రష్షులతో, లోపలికి రావాలో వద్దో తెలియని పిల్లల గుంపు. ఆ వెనక రేడియేటర్ల మామయ్య, తేలు కుట్టిన దొంగలా. పెద్దాయన చేతులు తుడుచుకునే నూలుచిక్కు వేళ్ళ మధ్య నలుపుతూ మేడమ్‌ని చూశాడు. గోడనీ ఖాళీ బెంచీల్నీ చూశాడు. పంతులమ్మని మాత్రం చూడలేదు.

"నీ చదువు డబ్బు సంగతి రేపు షెడ్డులో తేలుద్దాం" అన్నాడు. ఆ గొంతులో కోపం కొంచెం కూడా తగ్గలేదు. "నువ్వు చేసింది మంచి పని అని మాత్రం అనుకోకు."

"అనుకోవడం లేదు పెదనాన్నా."

ఆయన పక్కకి జరిగి పిల్లలకి దారిచ్చాడు. ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. బెంచీల మీద నల్లటి చేతిముద్రలు పడ్డాయి. ఆమె వాళ్ళని చేతులు కడుక్కు రమ్మనలేదు.

పెద్దాయన వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మళ్ళీ మొదట్నుంచి పిలు" అన్నాడు అటు తిరిగే. "రొదలో కొందరికి వినపడలేదు."

ఆమె రిజిస్టరులో సున్నాలు కొట్టేసింది. మేడమ్ వెనక బెంచీలో మళ్ళీ కూర్చుంది.

"ఒకటి" అని పిలిచింది పంతులమ్మ.